ఆ ఫోటో ఎందుకు తీసేశానంటే

సెలవుల్లో సైప్రస్ నుంచి స్టేటస్‌లో పెట్టిన ఒక ఫోటోని మర్నాడే తీసేశాను. "అంత బాగుంటే ఎందుకు తీసేశావే?" అని క్లాసులో ఇప్పటికీ అడుగుతున్నారు. కారిడార్లో నిలబడి చెబితే సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

సైప్రస్ మధ్యధరా సముద్రంలో ఒక ద్వీపం. మా పిన్నీ బాబాయీ అక్కడ లిమసోల్‌లో ఉంటారు. వాళ్ళతో కలిసి అయ్యా నాపా అనే బీచ్ ఊరికి రెండు రోజులు వెళ్ళాను. నిస్సీ బీచ్‌లో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, నడుంలోతులో నిలబడినా కాలిగోళ్ళు కనిపించాయి. రాత్రయితే అది వేరే ఊరు. డీజేలు, రంగురంగుల లైట్లు. ఆ సందడి నడుమే వెనిస్ వాళ్ళ కాలంనాటి ఒక మఠం, దాని ముందు వందల ఏళ్ళ మేడిజాతి చెట్టు. ఊరు మొత్తంలో నాకు నచ్చింది ఆ చెట్టు నీడే.

1974 దాకా ఇది చేపలు పట్టుకునేవాళ్ళ చిన్న పల్లె. టూరిస్టులు పోయేది దగ్గర్లోని ఫమగుస్తా నగరంలో ఉన్న వరోషాకి. ఆ ఏడాది జూలైలో గ్రీస్ సైనిక పాలకుల అండతో సైప్రస్‌లో తిరుగుబాటు జరిగింది. వెంటనే టర్కీ సైన్యం దిగింది. ఆగస్టులో సైన్యం దగ్గరికొస్తోందని వరోషా జనం ఇళ్ళు వదిలి పారిపోయారు. నాలుగు రోజుల్లో తిరిగొద్దామనుకున్నారు. సైన్యం ఊరిచుట్టూ కంచె వేసేసింది. ఇక హోటళ్ళ వ్యాపారం ఇటు వచ్చింది. అంటే మేం ఈత కొట్టిన ఊరు ఆ ఊరు పోయినందువల్ల పెరిగిందే.

రెండోరోజు డెరీనియా అనే పల్లెకి వెళ్ళాం. అక్కడి నుంచి బైనాక్యులర్లో వరోషా కనిపిస్తుంది. సముద్రం ఒడ్డున వరసగా పెద్ద పెద్ద మేడలు, కిటికీలన్నీ నల్లటి బొక్కలు. దాన్ని వెనక పెట్టుకుని, జుట్టు సర్దుకుని, నవ్వుతూ సెల్ఫీ దిగాను. పక్కన ఒక పెద్దావిడ బైనాక్యులర్ వదలకుండా చూస్తోంది. కాసేపటికి మనవరాలిని పిలిచి వేలుపెట్టి చూపించి ఏదో అంది. పిన్నికి కొంచెం గ్రీకు వచ్చు. "మా ఇల్లు అంటోందే" అంది నాతో.

అదే ఫోటో రాత్రి స్టేటస్‌లో పెట్టాను. నిద్రపట్టలేదని గొప్పలు చెప్పను, బాగానే పట్టింది. పొద్దున లేచి చూస్తే మాత్రం ఉంచబుద్ధి కాలేదు.

ఒక స్నేహితురాలి వాదన ఇది: "హంపీలో మనం దిగలేదా ఫోటోలు? అదీ పాడుబడిన ఊరే కదా?" హంపీ పాడైంది 1565లో, వరోషా ఇంటివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు అని జవాబిచ్చాను. గెలిచాననుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, 2011లో హంపీ బజారులో కాపురముంటున్నవాళ్ళ ఇళ్ళు పడగొట్టి వాళ్ళని ఖాళీ చేయించారట. మేం ఫోటోలు దిగింది ఆ బజారులోనే.

వెళ్ళొద్దని నేననను. 2020 నుంచి వరోషాలో కొంత భాగం అవతలివైపు నుంచి తెరిచారు, అద్దె సైకిళ్ళమీద తిరిగి చూస్తున్నారు. చూడాలి కూడా. చూడకపోతే నాకు 1974 సంగతే తెలిసేది కాదు. దక్షిణం వైపు ఇళ్ళు వదిలి ఉత్తరానికి పోయిన టర్కిష్ సైప్రియట్ల సంగతీ తెలిసేది కాదు. లిమసోల్‌లోనూ అలాంటి ఇళ్ళున్నాయి. మా నాన్న కన్నడిగులు, ఆయనకి సైప్రస్ అంటే కొడగు జనరల్ తిమ్మయ్య. ఐక్యరాజ్యసమితి శాంతిసేనకి అధిపతిగా ఉంటూ 1965లో అక్కడే పోయారు. ఆ సేన ఇప్పటికీ అక్కడే ఉంది.

నా అభ్యంతరమల్లా ఆ నవ్వుకే. ఇంటివాళ్ళు కంచె ఇవతల నిలబడి చూస్తుంటే, వాళ్ళ ఇంటిని మన మొహం వెనక తెరగా కట్టుకోవడానికే. నిస్సీ బీచ్ ఫోటోలు అలాగే ఉంచాను.

వచ్చే నెల మళ్ళీ హంపీ ట్రిప్ అంటున్నారు. బజారులో ఉండినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో ఈసారి గైడ్‌ని అడుగుదామా, మేడమ్?