వేలు తెగితే నసీబ్ అనకండి

ఫర్నిచర్ షాపులో పనిచేసే పిల్లవాడికి వేలు తెగిందంటే మన ఇళ్ళలో ముందు వినిపించే మాట "నసీబ్". నాకీ మాట నచ్చదు. నసీబ్ సంగతి తర్వాత, ముందు ఆ మిషన్‌కి ఏ బ్లేడు ఎక్కించారో చూడండి అంటాను.

గుంటూరు, ప్రకాశం వైపు మన దూదేకుల ఖాందాన్‌లకి ఇది పరాయి సంగతి కాదు. ఫోమ్ పరుపులొచ్చి పత్తి ఏకే పనిని మింగేశాయి. విల్లు పట్టిన దాదాల మనవలు కొందరు ఇవాళ జహేజ్ మంచాలు, బీరువాలు చేస్తున్నారు. అబ్బాజాన్ అప్పు తెచ్చి బ్యాండ్ సా కొనిస్తాడు. మిషన్‌కి వేలు పోసినవాడు బ్లేడు దగ్గరికొచ్చేసరికి కంజూస్ అయిపోతాడు. అన్నిటికీ ఒకటే బ్లేడు, అదీ తెగిందాకా!

మొద్దుబారిన బ్లేడు కొయ్యని కొయ్యదు. పిల్లవాడు బలం పెట్టి నెడతాడు. కొయ్య ఒక్కసారిగా వదిలితే చెయ్యి నేరుగా పళ్ళ మీదికే. జరిగేది ఇదీ.

అయితే ఏది కొనాలి? 14 అంగుళాల చక్రాల చిన్న మిషన్ మీద రోజువారీ పనికి నా ఓటు అర అంగుళం వెడల్పు, అంగుళానికి 4 పళ్ళున్న బ్లేడుకే. పళ్ళు ఎక్కువుంటే కోత నున్నగా వస్తుందని చాలామంది గుమాన్. పల్చటి ప్లైవుడ్‌కి అది సహీ, అక్కడ 10 పళ్ళదే వాడాలి. మూడంగుళాల పచ్చి వేప దుంగ మీద మాత్రం ఆ చిన్న పళ్ళ సందులు పొట్టుతో నిండిపోయి బ్లేడు కాలిపోతుంది. కొయ్య మందంలో ఎప్పుడూ కనీసం 3 పళ్ళు ఉండాలి, అంతే హిసాబ్.

ఇక వంపులు. అర అంగుళం బ్లేడు సుమారు 5 అంగుళాల అడ్డకొలత గుండ్రం కంటే చిన్నది తిప్పలేదు. మంచం తలాపి మీద పూల నగిషీకి పావు అంగుళం బ్లేడు విడిగా ఉంచుకోవాలి. అర అంగుళందాన్నే మెలితిప్పి లాగితే అతుకు దగ్గర తెగుతుంది. ఆ అతుకు మామూలు విషయం కాదు. ఇంగ్లండులో 19వ శతాబ్దం మొదట్లోనే బ్యాండ్ సా ఆలోచన పుట్టినా, 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఆవిడ గట్టిగా అతికే తరీకా కనిపెట్టిందాకా అది పనికి రాలేదు.

నల్లతుమ్మ, పాత ఇళ్ళ దూలాలు కోసేవాళ్ళకి కార్బన్ స్టీల్ ఆట్టే రోజులు ఆగదు. బైమెటల్ మహంగానే, పదును మాత్రం చాలాకాలం నిలుస్తుంది. అదైనా మేకు తగిలితే ఖతం, దూలాన్ని ముందు అయస్కాంతంతో తడమండి.

బిగువు సంగతి మన పెద్దలకి చెప్పక్కర్లేదు. విల్లు నారిని మీటి, చెవితోనే బిగువు చూసినవాళ్ళు కదా! బ్లేడుని కూడా, మిషన్ ఆపి, అలాగే మీటి చూస్తారు ఉస్తాద్‌లు. రాత్రి షాపు మూసేటప్పుడు బిగువు సడలించాలి.

ఈద్‌కి సేఠ్‌ని కలవడానికి వెళ్తారుగా, మిషన్ దగ్గరికి కూడా ఓసారి నడవండి. గార్డు కొయ్యకి పావు అంగుళం పైనే ఉందా, ఇంకా పైకి కట్టేసి ఉందా చూడండి. బ్లేడు ఎప్పుడు మార్చారో అడగండి. సేఠ్ మొహం ముడుచుకుంటే ముడుచుకోనీండి.