ఇరుకు వంటగదిలో వేడి వెళ్ళే దారి

చలి దేశాలలో వంటగది గోడకు వేడినిచ్చే రేడియేటర్‌ను అమర్చుకుంటారు. మన సమస్య దానికి పూర్తిగా విరుద్ధమైనది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పొయ్యి సెగ తోడైతే ఇరుకు వంటగదిలో నిలబడటమే ఒక పరీక్ష. వీధి వైపు కిటికీ ఉన్నా, పర్దా దృష్ట్యా చాలా ఇళ్ళలో దానిని మూసే ఉంచుతారు. అటువంటి గదికి గోడపై భాగంలో అమర్చే ఎగ్జాస్ట్ ఫ్యాన్ సులువైన మార్గం. ఫ్యాన్ తిరిగినప్పుడే తెరచుకునే రెక్కల మూత బిగిస్తే బయటి చూపు లోపలికి రాదు, దుమ్ము కూడా తగ్గుతుంది.

ఏ పరిమాణం తీసుకోవాలి? వంటగదిలోని గాలి గంటకు 15 నుండి 20 సార్లు మారాలన్నది సాధారణ లెక్క. గది 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్నదనుకుందాం. దాని ఘనపరిమాణం 480 ఘనపు అడుగులు, అంటే సుమారు 13.6 ఘనపు మీటర్లు. 20 సార్లు మారాలంటే ఫ్యాన్ గంటకు సుమారు 272 ఘనపు మీటర్ల గాలిని లాగాలి. పెట్టెపై ఈ సంఖ్యను చూసి కొనండి. గోడలో చోటుంటే 6 అంగుళాల దానికన్నా 9 అంగుళాలది మేలు.

ఫ్యాన్‌ను పొయ్యికి దగ్గరగా, పైకప్పుకు సమీపంలో బిగించాలి. తాజా గాలి ఎదురు వైపు తలుపు నుండి రావాలి. గదిని పూర్తిగా మూసివేస్తే ఫ్యాన్ తిరుగుతుందే కాని గాలి కదలదు. గొట్టం లేని చిమ్నీ జిడ్డును వడకట్టగలదు కాని వేడిని బయటకు పంపదు.

మరొక ముఖ్య విషయం. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, అది నేల మీద పేరుకుంటుంది. కనుక గోడ అడుగున కూడా ఒక గాలి రంధ్రం ఉండాలి. గ్యాసు వాసన వస్తే ఫ్యాన్ స్విచ్ వేయకూడదు; ఆ చిన్న నిప్పురవ్వ చాలు ప్రమాదానికి. రెగ్యులేటర్‌ను కట్టివేసి, తలుపులు తెరచి, బయటకు వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

గోడకు రంధ్రం చేసే ముందు అవతల ఎవరున్నారో చూడండి. మన తాళింపు పొగ పొరుగువారి పడకగదిలోకి పోవటం వారి హక్కును కాజేయటమే. అవసరమైతే గొట్టాన్ని పైకప్పు దాకా తీసుకుపోవాలి. ఖర్చు కొంత పెరుగుతుంది, సంబంధం నిలుస్తుంది.

ఇళ్ళలో పొయ్యిల పొగ కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కట్టెల పొయ్యిని వదలి గ్యాసుకు మారటం పెద్ద మేలే. అయినా మరిగే నూనె పొగ, సెగ మిగిలే ఉంటాయి. ఉపవాసంతో ఇఫ్తార్ వండే తల్లులు, భార్యలు, కోడళ్ళు వాటిని భరిస్తూనే ఉన్నారు. హాలులో కూలర్ కొనాలని ఆలోచిస్తున్న ఇంటి పెద్దలకు మా మనవి ఒక్కటే: ముందుగా ఒక సాయంత్రం పొయ్యి దగ్గర గంటసేపు నిలబడి, ఆ తరువాత నిర్ణయించండి.