చప్పట్లు ఆగిన తరువాత

కోరుట్ల బస్‌స్టాండులో దిగి ఆటో ఎక్కేటప్పుడు, నడిపేవాని ముఖం మనలో ఎందరం చూస్తాము? బెంగుళూరులోనూ అంతే. అక్కడ ఆటో నడిపి కుటుంబాన్ని పోషించిన షఫీక్ సయ్యద్, 1988లో వచ్చిన ‘సలాం బొంబాయి’ చిత్రంలో ఇంటింటికీ టీ అందించే కుర్రవాడు. ఆస్కారు పోటీ వరకు వెళ్లిన చిత్రమది. అతడు ఉత్తమ బాలనటుడుగా జాతీయ పురస్కారం పొందినవాడు.

ఆ సంగతి తెలియగానే మనం ‘అయ్యో!’ అంటాము. ఈ జాలి నాకు సమ్మతం కాదు. ఆటో నడపడం కష్టార్జితమే గాని పతనం కాదు గదా! దోషమల్లా, పసివానిని ఒకసారి అందలమెక్కించి, దిగిన తరువాత వాని చదువేమైనదని అడగని లోకానిది.

ధననష్టానికి చట్టం కొంత అడ్డుకట్ట వేసినది. అమెరికాలో జాకీ కూగన్ బాల్యార్జన పెద్దలపాలు కాగా, 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం శాసనం చేసినది. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుని రాబడిలో కనీసం 20 శాతం వాని పేరనే బ్యాంకులో వేయాలి, రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు, చదువు కుంటుపడరాదు.

కాని బ్యాంకు బాల్యాన్ని దాచి ఇవ్వలేదు. కోరుట్లలోనైనా, బెంగుళూరులోనైనా ఆ పని బడిది. వార్షికోత్సవంలో మెప్పు పొందిన పిల్లవానికి మరునాడు లెక్క తప్పితే తప్పేనని పంతులుగారు చెప్పాలి. తోటివారు ఎప్పటివలెనే ఆటకు పిలవాలి. చప్పట్లు ఆగిన నాడు వానికి మిగిలేది ఆ చోటే.