హృదయము లేని కంఠమా? చెవి లేని హృదయమా?

యంత్రము పాడిన పాట విని కన్నీరు పెట్టువారిని జూచి నవ్వుట మన పెద్దమనుష్యులలో గొందఱికి వినోదమైపోయినది. ప్రేమించినవారు విడిచిపోగా నిద్రపట్టక, నడిరేయి చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, కంప్యూటరులో బుట్టిన గాయని పాడు వియోగగీతమును మరల మరల వినుచున్న యువకుడు వారి కంటికి వట్టి వెఱ్ఱివాడు. "గుండెయే లేనిదానికి గుండె పగులుట యేమి తెలియును?" అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న పైకి మిక్కిలి తెలివిగలదిగా గనబడును. లోతుగా బరిశీలించినచో నందు తెలివికంటె నిర్దయయే హెచ్చు.

నిందించుటకు ముందు నిందితురాలెవరో తెలిసికొనుట న్యాయము. జపానుదేశపు యమహా సంస్థవారు స్పెయినుదేశమున బార్సెలోనాలోని పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయముతో గలసి పరిశోధించి, వోకలాయిడ్ అను గానయంత్రవిద్యను బెంపొందించిరి. 2004లో నది విపణికి వచ్చెను. 2007 ఆగస్టు 31వ తేదీన సప్పోరో నగరమందలి క్రిప్టన్ సంస్థవారు ఆ విద్యతో హత్సునె మికు అను గాయనిని వెలువరించిరి. భవిష్యత్తునుండి వచ్చిన తొలినాదమని యా పేరునకు భావము. ఆమె కెన్నటికిని బదునాఱేండ్లే. శరీరము లేదు, చిత్రము మాత్రము కలదు. అయినను గంఠమునకు మూలము మనుష్యకంఠమే. ఫుజితా సాకి యను నటి పలికిన ధ్వనులను తునియలు తునియలుగా భద్రపఱచియుంచిరి. పాట కట్టువాడు స్వరములను, మాటలను వ్రాసియిచ్చినచో యంత్రము ఆ తునియలను గూర్చి పాడును. ఊపిరి తీసికొననక్కఱలేదు, అలసట యెఱుగదు.

ఇక నా పాటలోని దుఃఖ మెవ్వరిది? యంత్రముది కాదు. ఒప్పుకొంటిని. కాని యెవ్వరిదియు గాదనుట యెట్లు? 2009లో మెగురినె లుకా యను మఱియొక కల్పితగాయనిచేత, డిక్సీ ఫ్లాట్‌లైన్ అను మాఱుపేరుగల రచయిత "జస్ట్ బి ఫ్రెండ్స్" అను పాట పాడించెను. ప్రేమ చల్లారిన యిద్దఱు, ఒకరినొకరు ద్వేషింపకయే, చేయి విడుచుకొనుటయే మేలని గ్రహించు ఘట్టమది. అట్టి మాటను దన నోట బలుకలేనివా డెవ్వడో మఱియొక నోట బలికించుకొనును. వినువాడు దానిని దన మాటగా స్వీకరించును. నడుమ నున్న గాయనికి దన కథ యేదియు లేదు గనుకనే యా పాట యెవరి కథయైనను గావచ్చును. వీణకు విరహము తెలియునా యని యడిగి వైణికుని సభనుండి లేచిపోయినవారు గలరా?

అదిగాక, యీ యాక్షేపణను జపానువారు నేడు వినవలసివచ్చుటయే వింత. 1703లో ఒసాకా నగరమున చికమత్సు మొంజయెమోన్ రచించిన "సొనెజాకి షింజూ" అను బొమ్మలాట ప్రదర్శింపబడెను. అంగడి గుమాస్తాయు, వేశ్యయు బ్రేమించుకొని, కూడి బ్రదుకు దారి లేక కూడి మరణించిన కథ యది. రంగముమీద నున్నవి కొయ్యబొమ్మలు. మాట వానిది కాదు, ప్రక్కను గూర్చుండి చదువు కథకునిది. ఆ కొయ్యబొమ్మల దుఃఖమునకు ఒసాకా వర్తకులు కరగిరి. మన తోలుబొమ్మలాటలో సీత యడవికి బోవునపుడు మన యవ్వలు కంటికి జెంగు నొత్తుకొనలేదా? క్షేత్రయ్య పురుషుడై యుండియు స్త్రీ విరహమును బదములుగా బాడలేదా? దుఃఖ మెన్నడును దన సొంత నోటితోనే పలుకవలెనను నియమ మేదేశమునను లేదు.

ఐనను బ్రతిపక్షులు చెప్పదగిన మాట యొకటి కలదు. వారు చెప్పకున్నను నేను చెప్పెదను. అట్టి కథలు విని జంటలు జంటలుగా బ్రాణములు తీసికొనుట హెచ్చగుచున్నదని భయపడి, 1723లో జపాను ప్రభువులు ఆ తరగతి నాటకములనే నిషేధించిరి. వియోగగీతము మందును గావచ్చును, విషమును గావచ్చును. నేటి యంత్రగానములలోను మరణమును దీపిగా జూపునవి లేకపోలేదు. అంతేకాదు, పాట చెప్పును గాని వినదు. నూఱుమారులు వేసికొన్నను "అన్నము తింటివా?" యని యడుగదు. తెల్లవాఱుదాక వినువాని ముఖము వాడుట చూడదు. ఈ లోపము నిజమైనది. కాని దీనిని దీర్పవలసిన బాధ్యత యెవ్వరిది? కన్నులు లేని పాటదా? కన్నులుండి చూడని మనదా?

మన యిండ్లనే చూతము. ఇంటిలో నొకరు చనిపోయినచో బదిదినములు బంధువులు వత్తురు, ప్రక్కను గూర్చుందురు, ఏడ్చినను దప్పులేదు. ప్రేమ చచ్చినచో నేమున్నది? తండ్రి "చదువు చూచుకో" మనును. తల్లి "దీనికంటె మంచి సంబంధము తెత్తు"ననును. స్నేహితులు రెండు దినములు వేళాకోళము చేసి మఱచిపోవుదురు. ఆడుపిల్ల గతి యింకను ఘోరము. ఆమె కన్నీరే యామె నేరమునకు సాక్ష్యము; పెదవి విప్పిన యెడల నోదార్పునకు మాఱుగా విచారణ మొదలగును. ఆ పిల్ల తలుపు మూసికొని, దన్ను బ్రశ్నింపని గొంతును వెదకికొన్నచో, "గుండెలేని గొంతు" అని మనము నవ్వుచున్నాము. చెవిలేని గుండె మాటయేమి?

ఇట్టి పాటలు యువకులను యంత్రములకు దాసులను జేయునను భయమునకు సమాధానముగా నొక్క నిదర్శనము చాలును. హచి యను మాఱుపేరుతో 2009లో నీ యంత్రకంఠములకు బాటలు గట్ట మొదలిడిన యువకుడు, 2012లో యొనెజు కెన్షి యను దన పేరుతో, దన గొంతుతోనే పాడి "డయొరామా" అను గీతసంపుటమును వెలువరించెను. 2018లో నాతడు పాడిన "లెమన్" అను వియోగగీతము జపానంతట మాఱుమ్రోగినది. శ్రోతలును నట్లే, యంత్రము పాడిన పాటను దమ గొంతుతో మరల బాడి నికోనికో యను వేదికపై బదుగురికి వినిపించుట వారిలో నొక సంప్రదాయమైనది. ఈత నేర్చు పిల్లవాని నడుమునకు గట్టిన యెండు సొరకాయ వంటిది యీ కంఠము. అది యీదదు, మునుగకుండ నిలుపును. జీవితాంతము దానిని గట్టుకొని తిరుగుమని నేను చెప్పను. కాని యేటి నడుమ నున్నవాని నడుమునుండి దానిని గోసివేసి, గట్టుమీద నిలిచి నవ్వువాడు సంస్కర్త కాడు.

కావున, తల్లులారా, తండ్రులారా, మీ యింట మూసిన తలుపు వెనుకనుండి యట్టి పాట వినబడినచో నవ్వకుడు, కోపింపకుడు. తలుపు తట్టుడు. "ఆ పాట నాకును వినిపింపుము" అని యడిగి ప్రక్కను గూర్చుండుడు. భాష తెలియకున్నను బాధ తెలియును. పాట ముగిసిన పిమ్మట మీ బిడ్డ నోరు విప్పినచో, తీర్పు చెప్పక తుదివఱకు వినుడు. యంత్రము చేయలేని పని యది యొక్కటే. దానిని మనము చేయనంతకాలము యంత్రమును దూషించు నధికారము మనకు లేదు.