ఖాకీ లోపలి జఖం

ఖాకీ వేసుకున్నవాడికి ఖౌఫ్ ఉండదని మనమంతా అనుకుంటాం. ఉంటుంది. పైకి చెప్పుకునే ఇజాజత్ ఉండదు, అంతే. నరసరావుపేట, మాచర్ల, గురజాల వార్తలు రాసేవాణ్ని కాబట్టి ఈ మాట అంటున్నా.

2024 మే 13న, పోలింగ్ రోజున, పల్నాడు ఎలా మండిందో దేశమంతా చూసింది. పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎంని నేలకేసి కొట్టారు. మర్నాడు కారంపూడి దాడుల్లో సీఐకే దెబ్బలు తగిలాయి. 144 సెక్షన్ పెట్టారు, సిట్ వేశారు, ఎస్పీని ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. రెండు నెలలు దాటాయో లేదో, జూలై 17 రాత్రి వినుకొండ నడిరోడ్డు మీద ఒక నౌజవాన్‌ని నరికి చంపారు. ఇలాంటి చోట లాష్ ఎత్తించేదీ, పంచనామా రాసేదీ, ఇంటివాళ్ల ఏడుపు దగ్గరుండి వినేదీ పోలీసులే. తలకు తగిలిన రాయికి సర్టిఫికెట్ ఇస్తారు. దిమాగ్‌కి తగిలినదాన్ని ఎవరు రాసుకుంటారు?

అది ఇంటికొస్తుంది. నీంద్ పట్టదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. ఊరకే పిల్లల మీద చెయ్యెత్తుతాడు. బీవీ ఎవరితో చెప్పుకున్నా వచ్చే జవాబ్ ఒకటే: "సబర్ చెయ్ బేటీ." సబర్ ఇబాదతే. కానీ ఇలాజ్ కూడా కావాలి.

"నంద్యాల మర్చిపోయారా సాబ్?" అని కొందరు నిలదీస్తారు. మర్చిపోలేదు. 2020 నవంబర్‌లో, పోలీసుల వేధింపులే కారణమని వీడియోలో చెప్పి, ఒక ఆటో డ్రైవర్ కుటుంబం ప్రాణాలు తీసుకుంది. జుల్మ్‌కి పని ఒత్తిడి బహానా కాకూడదు. నేననేది ఒకటే. నిద్రలేక, లోపల ఉడికిపోతున్న మనిషి చేతికి లాఠీ ఇచ్చి పంపితే ఆ గుస్సా ఎమ్మెల్యే మీద పడదు. ఆటోవాడి మీదా, తోపుడుబండివాడి మీదా పడుతుంది. వాళ్ల ఇలాజ్‌లో గరీబుల హిఫాజత్ కూడా ఉంది.

2019 జూన్‌లో సర్కార్ ప్రకటించిన వీక్లీ ఆఫ్‌ని ఎన్నికలొచ్చినా, తిరునాళ్లొచ్చినా నిలబెట్టాలి. పెద్ద ఘటన జరిగిన ప్రతిసారీ అక్కడ డ్యూటీ చేసిన వాళ్లందరినీ, హోంగార్డు నుంచి డీఎస్పీ దాకా, కౌన్సెలింగ్‌కి పంపాలి. అడిగినవాళ్లకే అంటే ఎవరూ అడగరు. 'పాగల్' అంటారని షరమ్, ప్రమోషన్ పోతుందని భయం. అందరూ వెళ్తే ఆ షరమ్ ఉండదు. కౌన్సెలర్ డిపార్ట్‌మెంట్ బయటి మనిషై ఉండాలి, అక్కడి మాట ఎస్పీ బల్ల మీదికి చేరకూడదు.

అంతదాకా ఇంటివాళ్లు చేయగలిగిందొకటుంది. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. ముఫ్త్, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ బేటానో, బేటీనో, దామాదో ఖాకీలో ఉంటే ఈ నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. వాళ్లు చేయకపోతే మీరే చేయండి.