థింసాకు ముందు వరస లేదు

అరకులో ఉత్సవమంటే చాలు, మనవాళ్లు కొత్త సినిమాకు మొదటి ఆట టిక్కెట్టు దొరికినంత హడావుడిగా బయల్దేరతారు. పెట్టిన ఖర్చుకు సరిపడా ఆనందం ఇంటర్వెల్ లోపే వచ్చి తీరాలి!

2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా అక్కడ ‘అరకు చలి ఉత్సవ్’ చేశారు. పారాగ్లైడింగూ, పూల ప్రదర్శనా, వాటితోపాటు ఆరుబయట ఆటా పాటా. విశాఖ నుంచి రోడ్డున 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాటు మలుపుల్లో సగం ఓపిక పోతుంది. మిగతా సగం బొర్రా గుహల మెట్లు లాగేస్తాయి. (బొర్రా చూడలేదంటే ఇంటిదగ్గర ఊరుకుంటారా మరి?) చీకటిపడేసరికి మనిషి మైదానంలో కుర్చీలో కూలబడి, మఫ్లరు బిగించి, “ఊఁ, ఇక కానివ్వండి” అంటాడు. ఒళ్లంతా నొప్పులు, బుర్ర నిండా ఆశలు.

ఆ ఆశల్లో సగం మన సినిమాలు పెట్టినవే. గూడెం సీనంటే మనకు తెలిసిందేమిటి చెప్పండి? ఈకలు, ఆకుల పావడాలు, మధ్యన మంట, గుంజకు కట్టేసిన హీరో, చుట్టూ గంతులేసే గ్రూపు డాన్సర్లు! ఆ ఊహలో ఉన్నవాడి ముందుకు థింసా వస్తుంది. భుజం మీద ముడివేసి పొట్టిగా కట్టిన చీరలు. ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకున్న ఆడవాళ్లు. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు. అడుగు ముందుకు, అడుగు వెనక్కు... వరస మెల్లగా వంగి గుండ్రమవుతుంది. సోలో స్టెప్పు లేదు, హీరోయిన్ లేదు! అయిదు నిమిషాల్లో మనవాడికి ఆవులింత. “ఇంతేనా?”

ఇంతేనండీ! అది మన కోసం కట్టిన ఆట కాదు. బగతలు, వాల్మీకులు, కొటియాలు, పోర్జాలు, కోందులు చైత్రమాసపు పండగలకూ పెళ్లిళ్లకూ తమలో తాము ఆడుకునేది. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి మరీ ఆడి, విందు తిని వస్తారు. పొద్దంతా పనిచేసిన కాళ్లే రాత్రి ఆడతాయి. అలిసినవాళ్లను పక్కవాళ్ల చెయ్యి లాక్కుపోతుంది. ఎదురుగా కూర్చుని చూసే పాత్ర ఆ కథలో లేనే లేదు. గుండ్రంగా తిరిగే ఆటను స్టేజీ ఎక్కిస్తే సగం మంది వీపులే కదా కనబడేది! అందుకని వరసను సాగదీసి, మైకువైపు తిప్పి, కత్తెర వేస్తారు. పులిని చూసి బెదిరిన జనాన్ని చూపే భాగ్ థింసాకూ, గ్రామదేవతను కొలుస్తూ ఆడే బోడ థింసాకూ తేడా తెలిసేలోపే ఆర్కెస్ట్రావాళ్లు కీబోర్డు సర్దుకుంటుంటారు. తర్వాత సినిమా పాట. కొండ కుర్రాళ్లు కూడా ఈలలు వేసేది దానికే, దాచి లాభం లేదు. పాట మీద నాకు కోపమూ లేదు.

నా బాధల్లా ఆడేవాళ్ల అలసట గురించి. ఉత్సవం మూడు రోజులతో సరి. టూరిస్టు సీజనులో హోటళ్ల ముంగిట మంట వేసి, అక్కడా థింసా ఆడిస్తారు. అదే కాఫీ పళ్లు కోసే కాలం కూడా. పగలు తోటలో పనిచేసి వచ్చిన మనిషి రాత్రి మన ఎదుట నవ్వుతూ ఆడాలి. సినిమాలోనైతే కాల్షీటు, బేటా, ప్యాకప్ అనే మాటలున్నాయి. ఇక్కడ “సెల్లు ఆన్ కాలేదమ్మా, ఇంకొక్కసారి” అంటే ఇంకొక్కసారి ఆడాల్సిందే!

ఉత్సవాలు చేసేవారికి ఒక్క మనవి. థింసాను స్టేజీ దింపండి. వెలుగుండగానే, మైదానం మధ్యలో, మైకు లేకుండా జరగనివ్వండి. కుర్చీలు చుట్టూ వేయించండి. గంటల లెక్కన డబ్బు ముందే మాట్లాడి, ఆడినవాళ్ల చేతికే ఇవ్వండి.

ఇక చూసేవారు... వరస చివర ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది. రమ్మని పిలిస్తే సెల్లు జేబులో పెట్టి, చెప్పులు విడిచి వెళ్లండి. మొదట అడుగు తప్పుతుంది, పక్కావిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి, మూడో చుట్టుకు కాళ్లే దారికొస్తాయి.