అందం పనికి అసలు శిక్షణ

పదో తరగతి పాసైన ఆడపిల్ల సొంత ఊళ్లోనే నిలదొక్కుకోగల వృత్తుల్లో బ్యూటీషియన్ పని ఒకటి. పెళ్లిళ్ల సీజన్ వస్తే మండల కేంద్రాల్లోని పార్లర్లకూ తీరిక ఉండదు. ఆందోళనంతా ఆ పని నేర్పే తీరు గురించే. కొన్ని వారాల కోర్సు పేరిట వేలకు వేలు గుంజి, ఐబ్రోస్, ఫేషియల్, పెళ్లికూతురి మేకప్‌తో సరిపెట్టే కేంద్రాలకు కొదవ లేదు.

ఇది మనిషి చర్మంతో పని. హెయిర్‌డైలోని పీపీడీ అనే రసాయనం పడనివారికి ముఖం వాచిపోతుంది. అందుకే 48 గంటల ముందే చెవి వెనుక కాస్త రాసి చూడాలి. ఒకరికి వాడిన థ్రెడింగ్ దారం మరొకరికి వాడకూడదు. వ్యాక్స్ వేడిని ముందు తన మణికట్టు మీదే చూసుకోవాలి. ఇవి హడావుడి కోర్సుల్లో అబ్బే అలవాట్లు కావు.

ఈ పని పద్ధతిగా నేర్పే కాస్మెటాలజీ ఐటీఐల్లో ఏడాది కోర్సు. పూర్తిచేసినవారికి దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. చిన్న పార్లర్ పెట్టుకోవడానికి ముద్ర పథకం 'శిశు' విభాగంలో పూచీకత్తు లేకుండా రూ.50 వేల వరకు రుణం దొరుకుతుంది. ఈ కబురు పల్లెల్లోని ఆడపిల్లలకు చేరాలి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మరిన్ని ఐటీఐల్లో ఈ ట్రేడు తెరవాలి, ప్రైవేటు కేంద్రాలపై నిఘా పెట్టాలి. తల్లిదండ్రులూ ఫీజు కట్టే ముందు కోర్సు సర్టిఫికెట్ ఎవరిస్తారో అడిగి తెలుసుకోవాలి.